వెలుగుతో శ్రీ రాసినవాడి ఊరికి

గోదావరి జిల్లాలకు వెళ్ళొచ్చానని చెబితే చాలు, ఎదుటివాళ్ళ మొహాలు విప్పారుతాయి. కొబ్బరితోటలు, పడవలు, పూతరేకులు, మర్యాదలు... వెళ్ళినదాన్ని నేనైతే, వెళ్ళనివాళ్ళే నాకు వర్ణించి చెబుతారు. మా అనంతపురం చుట్టాలైతే మరీను. నీళ్ళ ట్యాంకరు వెనక బిందెలతో పరుగెత్తిన జనం కనుక, నీళ్ళున్న చోట కన్నీళ్ళుండవని వాళ్ళ నమ్మకం. వెళ్ళకముందు నేనూ ఇంచుమించు అలాగే అనుకునేదాన్ని. పూతరేకులు తెచ్చావా అని అడగనివాళ్ళు లేరు. తేలేదు. ఎందుకు తేలేదో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

నేను హైదరాబాదులో ఒక పరిశోధనశాలలో పనిచేస్తాను. వెలుగు సాయంతో అయస్కాంతం మీద రాయడం మా పని. కంప్యూటర్లో ఉండే హార్డ్‌డిస్కు నిండా కంటికి ఆననంత చిన్న అయస్కాంతాలుంటాయి. ఒక్కొక్కటి ఏ వైపుకు తిరిగి ఉందో, అదే రాత. కొంచెం చోటులో ఎక్కువ రాయాలంటే వాటిని ఇంకా చిన్నవి చేయాలి. మరీ చిన్నవైతే వాటంతటవే తిరిగిపోయి రాత చెరిగిపోతుంది. చెరగకుండా ఉండడానికి మొండి లోహం వాడితే, అది మనం రాయబోయినా తిరగదు. అందుకని రాసే క్షణంలో దానికి లేజర్ వెలుగుతో ఒక్క దెబ్బ వేసి లొంగదీయాలి. ఆ దెబ్బ ఎంతసేపంటే, సెకనును లక్ష కోట్ల ముక్కలుగా తరిగి, అందులో ఒక ముక్కను మళ్ళీ పది చేస్తే, ఆ పదింట్లో ఒకటి. చుట్టుపక్కల వేడి పాకేలోపే పని అయిపోవాలన్నమాట. ఏళ్ళ తరబడి మేం చేస్తున్నది ఇంతే.

మా దగ్గర శ్రీనివాస్ అని ఒక పరిశోధక విద్యార్థి ఉండేవాడు. పెనుగొండ దగ్గర పల్లెటూరు. చదువు ఆఖరి ఏడాదిలో, ఆ లేజర్ బల్ల దగ్గరే, అతని కుడికన్ను పోయింది. నెల్లాళ్ళు ఇంటికెళ్ళి వస్తానన్నవాడు నెలలు గడిచినా రాలేదు. ఫోను చేస్తే ‘చూద్దామండి’ అంటాడు. వాళ్ళ పక్క ‘చూద్దామండి’ అంటే రానని అర్థం. అతను రాకపోతే పట్టా పోతుంది, నాలుగేళ్ళ చాకిరీ గాలికి పోతుంది. ఎవరో ఒకరు వెళ్ళి తీసుకురావాలి అన్నారు మా పెద్దాయన. ఎవరో ఒకరు అంటే మా శాలలో ఎప్పుడూ నేనే.

రాజమండ్రి

రైలు గోదావరి వంతెన ఎక్కేసరికి తెల్లవారింది. పెట్టెలో నిద్రపోతున్నవాళ్ళంతా ఎవరో తట్టి లేపినట్టు లేచి, కిటికీల దగ్గర చేరి నదిలోకి నాణేలు విసరడం మొదలుపెట్టారు. ఎదుటి సీటావిడ, మూటల మధ్య ఇరుక్కుని కూర్చున్న పెద్దావిడ, నన్ను పరీక్షగా చూసింది.

“మీరూ వెయ్యండమ్మా. ఏదైనా అనుకుని వెయ్యండి.”

అనుకుని వేశాను. నా రూపాయి వంతెన దూలానికి తగిలి ఠంగున మోగి ఎటో పోయింది. “పర్లేదులెండి, ఇంకోటి వెయ్యండి” అంది ఆవిడ జాలిగా. నేను వేయలేదు. ఒకసారి అడిగినదాన్ని రెండోసారి అడగడం నాకు చేతకాదు.

స్టేషను బయట చిన్న హోటల్లో పెసరట్టు తిన్నాను. ఉప్మా పెట్టి పదిహేను రూపాయలు. అల్లం పచ్చడి అడగకుండానే మూడుసార్లు వేశారు. మా వైపు హోటల్లో ఏమైనా రెండోసారి అడిగితే సర్వరు మన వంశం గురించి ఆలోచిస్తాడు. ఇక్కడ వద్దన్నా వేస్తారు. వేశాక మన వంశం గురించి నేరుగా అడిగేస్తారు.

“ఏ ఊరండి మీది? అనంతపురమా? అబ్బో! ఏం పనిమీదొచ్చారండి ఇంత దూరం?” గల్లాపెట్టె దగ్గర కూర్చున్నాయన అడిగాడు.

“ఒక అబ్బాయిని తీసుకెళ్ళడానికండి.” రెండు గంటల్లో నాకూ ‘అండి’ అంటుకుంది.

“సంబంధమాండి?”

“కాదండి, ఉద్యోగంలాంటిది.”

“అయితే వాళ్ళ నాన్నగారితో మాట్టాడండి. మావైపు కుర్రాళ్ళు వాళ్ళంతట వాళ్ళు ఏదీ తేల్చరండి” అని చిల్లర ఇచ్చాడు. అప్పుడు నవ్వుకున్నాను.

భీమవరం

రాజమండ్రి నుంచి భీమవరం బస్సులో కిటికీ సీటు దొరికింది. కొంతదూరం వరిచేలు, ఆ తర్వాత చెరువులు. మా ఊళ్ళో చెరువంటే ఊరి మొత్తానికి ఒకటి, అదీ ఎండిపోయి ఉంటుంది. ఇక్కడ చేలన్నీ తవ్వి చెరువులు చేశారు. రొయ్యల చెరువులు. వాటి మీద చక్రాలు నీళ్ళను చిలుకుతూ తిరుగుతున్నాయి. అంత నీటిలో ఒక్క మనిషీ స్నానం చేయడం గాని, ఒక్క గేదె దిగడం గాని కనిపించలేదు. భీమవరం చేరేసరికి మేత వాసన, ఐసు వాసన, మురుగు వాసన కలిసి ముక్కుకు పట్టేశాయి. ఊరివాళ్ళకు అది తెలియదు. మీరు ఏ వాసన గురించి అంటున్నారండీ అని ఆటో అతను నిజంగానే ఆశ్చర్యపోయాడు.

శ్రీనివాస్ రొయ్యలమేత దుకాణం పైన ఉన్న ఒక కంప్యూటరు రిపేరు షాపులో పనిచేస్తున్నాడు. నేను మెట్లెక్కి గుమ్మంలో నిలబడితే, కోడి చూసినట్టు తల పక్కకు తిప్పి చూశాడు. ఎదుట పెట్టి చూస్తే కనబడనట్టుంది.

“మేడం! మీరేంటండి ఇక్కడ? కూర్చోండి, కూర్చోండి.”

బల్ల మీద ఎవరిదో హార్డ్‌డిస్కు విప్పి ఉంది. దాని పళ్ళెం అద్దంలా మెరుస్తోంది. ఆ మెరుపుకేసి నేను చూడడం గమనించి, అతను దాని మీద పాత గుడ్డ కప్పాడు.

“ఎలా ఉంది కన్ను?”

“మధ్యలో మచ్చండి. చుట్టూ కనబడుద్ది, సూటిగా చూసిందే కనబడదు. రెండు కళ్ళూ తెరిస్తే ఎడమకన్ను చూసినదాని మీద కుడికన్ను మసి పూస్తన్నట్టు ఉంటదండి. అలవాటవుద్దన్నారు డాక్టరుగారు.”

ఇది ఎలా జరిగిందో ఇక్కడ చెప్పాలి. మా లేజర్ వెలుగు కంటికి దాదాపు ఆనదు. బల్ల మీద, మనిషి రొమ్ము ఎత్తున, అద్దం నుంచి అద్దానికి దూకుతూ పోతుంది. అందుకని మా గదిలో రెండు నియమాలున్నాయి. రంగు కళ్ళద్దాలు తీయకూడదు, కళ్ళు వెలుగు ఎత్తుకు తేకూడదు. ఆ రోజు శ్రీనివాస్ చేతిలోంచి చిన్న గాజుముక్క జారి నేలమీద పడింది. పావలా బిళ్ళంత ఉంటుంది, మీద లోహపు పూత. పడ్డదాన్ని వెతకబోయి దాని మీద కాలు పెట్టాడు. వంగి తీశాడు. ఇక్కడి వరకు ఏ దేశంలో ఏ విద్యార్థి అయినా చేసేదే. ఆ తర్వాత అతను చేసింది మాత్రం మనవాళ్ళు తప్ప ఇంకొకరు చేయరు. కాలు తగిలింది కదా అని, కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి, లేస్తూ లేస్తూ ఆ గాజుముక్కను కళ్ళకద్దుకున్నాడు. పుస్తకానికి కాలు తగిలితే అద్దుకుంటాం చూడండి, అలాగ. సరిగ్గా ఆ ఎత్తున వెలుగు పోతోంది. అద్దంలాంటి ఆ పూత దాన్ని మళ్ళించి కుడికంట్లోకి కొట్టింది. కంటి లోపల టప్‌మని చిన్న చప్పుడు వినబడిందని తర్వాత చెప్పాడు. నొప్పి కూడా లేదట.

నాకు ఎన్నిసార్లు తలుచుకున్నా కోపమే వస్తుంది. ఎవరి మీద అంటే చెప్పలేను. ఆ పని నేనూ చేస్తాను. అక్షరమున్న కాగితానికి కాలు తగిలితే నా చెయ్యి నన్నడక్కుండానే కళ్ళ దగ్గరికి పోతుంది.

“దానికెందుకు అద్దుకున్నావయ్యా?” అని ఆసుపత్రిలో అడగలేనిది ఆ షాపులో అడిగేశాను. “అది పుస్తకమా?”

“దాని మీద శ్రీ ఉందండి” అన్నాడు.

ఉంది. నాకు గుర్తుంది. మొట్టమొదటిసారి మా లేజర్ అనుకున్నట్టు పనిచేసిన రోజున, ఏదైనా గుర్తు రాసి చూడమంటే, అతను శ్రీ రాశాడు. వెంట్రుక మందంలో ఇమిడిపోయే అక్షరం. సూక్ష్మదర్శినిలో తెల్లటి పూత మీద నల్లగా కనబడింది. మేమంతా చప్పట్లు కొట్టాం. కాగితం మీద రాసేముందు పైన శ్రీ పెట్టడం వాళ్ళ నాన్నగారు నేర్పారట. కళ్ళకద్దుకోవడమూ ఆయనే నేర్పారట. ఆయన ఊళ్ళో బడిపంతులుగా చేసి విరమించారు.

“శ్రీనివాస్, వచ్చెయ్. బల్ల దగ్గరికి వెళ్ళనక్కర్లేదు. కొలిచినవన్నీ ఉన్నాయి, కూర్చుని రాసుకుంటే అయిపోతుంది. కొన్ని నెలల పని.”

స్క్రూడ్రైవరు తీసి వేళ్ళ మధ్య తిప్పసాగాడు. కింద మేత బస్తాలు దించుతున్న చప్పుడు.

“నాకూ రావాలనే ఉందండి. ఇక్కడ నాకేం పనండి, ఇది?” అని గుడ్డ కప్పినదాన్ని చూపించాడు. “నాన్న ఒప్పుకోవట్లేదు. ఎలా జరిగిందో చెప్పందే పంపనంటన్నారు. ఏదో లైటు కొట్టిందని చెప్పానంతే.”

“నిజం చెప్పేయొచ్చుగా.”

“ఎలా చెప్పమంటారండి? ఆయనకున్నది అదొక్కటే. ఊళ్ళో మూడు తరాలు ఆయన దగ్గర అక్షరాలు దిద్దారు. పేపరు ముక్కకి కాలు తగిలినా అద్దుకోని పిల్లాడు లేడండి మా ఊళ్ళో. నా కన్ను దానివల్లే పోయిందని చెబితే ఆయన బతకరు మేడం.” స్క్రూడ్రైవరు బల్ల మీద పెట్టేశాడు. “మీరొచ్చి, మిషన్లో ఏదో పాడైందని చెప్పండి. మీరు చెబితే నమ్ముతారు. అప్పుడొస్తాను. కానీ నిజం ఆయనకి తెలిసిందా, ఇంక నేను ఆయన్ని వదిలి ఎక్కడికీ రాలేనండి.”

చెబుతానన్నాను. అద్దం బిగించిన స్క్రూ వదులైందని చెప్పాలని ఇద్దరం అనుకున్నాం. ఆదివారం ఉదయం పెనుగొండ బస్టాండులో కలుస్తానన్నాడు.

పాలకొల్లు

మధ్యలో ఒక రోజు మిగిలింది. లాడ్జి గదిలో కూర్చుంటే చెప్పబోయే అబద్ధమే వల్లె వేస్తానని భయమేసి పాలకొల్లు బస్సెక్కాను.

క్షీరారామం గోపురం ఊళ్ళోకి రాకముందే కనబడుతుంది. గుడి చల్లగా ఉంది. పాలరంగు లింగం, రద్దీ లేదు, పూజారిగారు తొందరపెట్టలేదు. గోత్రం అడిగారు. ఎవరి పేరున అంటే శ్రీనివాస్ పేరు చెప్పాను. నేను అంత భక్తురాలిని కాను. ఆ వేళ ఎందుకో చెప్పాలనిపించింది. బయటికొచ్చి చూస్తే నా చెప్పులు లేవు. హైదరాబాదులో కొన్న మంచి తోలు చెప్పులు. పూలమ్మే ఆవిడ నాకంటే ఎక్కువ సంతోషించింది.

“గుళ్ళో చెప్పులు పోతే శని వదిలిపోయినట్టేనండి. మంచిదే జరుగుద్ది మీకు. ఎదురుగా మా మరిది కొట్టుంది, రబ్బరు చెప్పులు మంచివుంటాయి.”

శని వదిలించే పని వాళ్ళ మరిదికి కూడా పంచి పెట్టారేమోనని అనుమానం వచ్చింది. అయినా వెళ్ళి నలభై రూపాయలకు నీలం రబ్బరు చెప్పులు కొన్నాను. నాకు ఒక అంగుళం పెద్దవి. ఉన్నవాటిలో అవే చిన్నవట.

మధ్యాహ్నం మెస్సులో నా ఎదుట కూర్చున్నాయనకు యాభై దాటి ఉంటాయి. తెల్లచొక్కా, చేతికి గడియారం, విస్తట్లో అన్నం అలాగే ఉంది. కంది పప్పు, కొబ్బరి పచ్చడి, చేపల పులుసు, గడ్డపెరుగు. ఇరవై అయిదు రూపాయలకు అంత భోజనం నేను ఎక్కడా తినలేదు. ఆయన మాత్రం కలిపిందే కలుపుతున్నాడు. ఉండబట్టలేక, ఒంట్లో బాగాలేదా అని అడిగాను.

“ఒంట్లో బానే ఉందండి. చెరువు పోయింది.”

నాకర్థం కాలేదు. రొయ్యలకు తెల్లమచ్చ రోగం వచ్చిందట. పెంకు మీద చిన్న చిన్న మచ్చలు వస్తాయట, అవి కనబడ్డాయంటే చెరువంతా పోయినట్టే.

“నీళ్ళలోకి చూత్తే ఏం తెలీదండి. పొద్దున్న మేతేసినప్పుడు చక్కగా తిన్నాయి. సాయంకాలానికి గట్టు పొడుగునా చచ్చి తేలిపోయినియ్యి. మా నాన్న చేసిన వరిచేనండి అది. నేనే తవ్వించాను.”

“మళ్ళీ వరి వేసుకోవచ్చుగా?”

“ఉప్పెక్కిపోయిందండి నేల. ఇంక మొలవదు.” అని లేచి చెయ్యి కడుక్కున్నాడు. వెళ్తూ వెళ్తూ వెనక్కి వచ్చి, “పెరుగు బాగుంటది ఇక్కడ, ఇంకొంచెం వేయించుకోండమ్మా” అన్నాడు. అంత బాధలోనూ అతిథి మర్యాద మరవని మనుషులు వీళ్ళు.

పెనుగొండ దాటాక

పెనుగొండలో వాసవీ అమ్మవారి గుడికి వచ్చిన బస్సులతో వీధి నిండిపోయింది. గుంటూరు నుంచి, కర్ణాటక నుంచి కూడా వస్తారట. శ్రీనివాస్ తల దువ్వుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని ఆటో మాట్లాడి ఉంచాడు. కాలవగట్టు వెంట పోతున్నంతసేపూ ఒక్కటే మాట. “స్క్రూ అని చెప్పండి, మర్చిపోకండి. అద్దం స్టాండు స్క్రూ.” ఊరి పేరు రాయను.

శ్రీనివాస్ వాళ్ళ నాన్నగారు, ఊరందరికీ మాస్టారు, వీధి అరుగు మీదికి ఎదురొచ్చారు. సన్నగా, పొడుగ్గా, ఉతికిన పంచెలో ఉన్నారు. కాళ్ళకు నీళ్ళిచ్చారు. మా వైపు ఇంటికొచ్చినవాళ్ళకు ముందు తాగడానికి నీళ్ళిస్తాం, ఇక్కడ ముందు కాళ్ళకు. శ్రీనివాస్ వాళ్ళమ్మగారు తెల్లవారకముందే మొదలుపెట్టినట్టున్నారు వంట. పనసపొట్టు కూర, కంద బచ్చలి, రొయ్యల వేపుడు, గుమ్మడికాయ దప్పళం. తిన్నకొద్దీ వడ్డిస్తున్నారు. “మావాడికి అక్కడ తిండి సరిపోయేదాండి?” అని ఆవిడ నాలుగుసార్లు అడిగారు. కన్ను గురించి ఒక్కసారీ అడగలేదు.

భోజనాలయ్యాక మాస్టారు అరుగు మీద చాప వేయించి కూర్చోబెట్టారు. ఊరికే చుట్టూ తిప్పే మనిషి కాదు.

“అమ్మా, మా అబ్బాయిని పంపమని మీరు ఇంతదూరం వచ్చారు. సంతోషం. కానీ అక్కడ ఏం జరిగిందో నాకు తెలియాలి. నిర్లక్ష్యం మీదా, వాడిదా? తెలియకుండా మళ్ళీ అదే గుమ్మంలోకి ఎలా పంపనండి?”

శ్రీనివాస్ స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు. వాళ్ళమ్మగారు గుమ్మంలో ఉన్నారు. నేను స్క్రూ గురించి చెప్పాను. అద్దం కాస్త ఒరిగిందనీ, వెలుగు దారి తప్పిందనీ, ఎవరూ కనిపెట్టలేనిదనీ చెప్పాను. ఇప్పుడు అన్నీ మార్చామనీ, శ్రీనివాస్ ఇంక ఆ గదిలోకే వెళ్ళనక్కర్లేదనీ చెప్పాను. చెబుతున్నప్పుడు నాకే నమ్మకంగా వినబడింది.

“అయితే మావాడి తప్పేం లేదన్నమాట.”

“ఏమీ లేదండి.”

ఆయన పెద్దగా ఊపిరి వదిలారు. అమ్మగారు కొంగుతో కళ్ళు తుడుచుకున్నారు. “రేపు పొద్దున్నే తీసికెళ్ళండమ్మా” అన్నారు మాస్టారు. శ్రీనివాస్ మొహంలో, ఆసుపత్రి తర్వాత మొదటిసారి, పాత శ్రీనివాస్ కనబడ్డాడు. టిక్కెట్లు చూసొస్తానని, వద్దన్నా వినకుండా, పక్కింటాయన బండి వెనక ఎక్కి పెనుగొండ వెళ్ళాడు.

సాయంకాలం మాస్టారు, నేను అరుగు మీద కాఫీ తాగుతున్నాం. ఆయన మనసు తేలికపడింది. బడి సంగతులు చెప్పారు. తర్వాత, పిల్లవాడిలా కుతూహలంగా, “ఇంతకీ మావాడు అక్కడ చేసే పనేంటండి? వాడు చెబితే నాకు సగమే అర్థమయ్యేది” అన్నారు.

నాకు నా పని గురించి మాట్లాడమంటే ఒళ్ళు తెలియదు. అయస్కాంతాలు, మొండి లోహం, వెలుగు దెబ్బ, అన్నీ చెప్పాను. గాజుముక్క మీద సన్నటి పూత పోసి దానిమీద వెలుగుతో రాస్తామన్నాను. మీ అబ్బాయి మొట్టమొదట ఏం రాశాడో తెలుసా అండీ అని అడిగాను.

“ఏం రాశాడండి?”

“శ్రీ.”

ఆయన గ్లాసు కింద పెట్టేశారు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అంత ఆనందం ఒక మనిషి మొహంలో నేను ఎప్పుడూ చూడలేదు.

“వెలుగుతో శ్రీ రాశాడాండి మావాడు? చూశారా... అయితే మీ గాజుముక్క కూడా పలకేనన్నమాట. సరస్వతే.” కాసేపు తనలో తాను నవ్వుకున్నారు. తర్వాత గర్వంగా, నా వైపు వంగి అడిగారు. “మరి అది కిందపడితే, కాలు తగిలితే, అద్దుకుంటాడాండి కళ్ళకి? అంత పెద్ద చదువులో కూడా అద్దుకుంటాడా?”

ఏదో ఒకటి అనాలి. ఆహా అనొచ్చు, లేదండి అనొచ్చు. నవ్వేయొచ్చు. ఏదీ రాలేదు. స్క్రూ గురించి అంత చక్కగా చెప్పినదాన్ని ఇక్కడ చేతకాక కూర్చుండిపోయాను.

ఆయన నవ్వు మొహం మీద కొంతసేపు అలాగే ఉంది. నా మొహంలోకి చూస్తున్నారు. చూస్తుండగానే ఆ నవ్వు పోయింది. ఆయన చెయ్యి మెల్లగా లేచి కుడికన్ను దాకా వెళ్ళి ఆగింది. నేను తలవంచుకున్నాను.

“అలాగా” అన్నారు.

లోపల అమ్మగారు సున్నుండలు చుడుతూ ఎవరితోనో మాట్లాడుతున్నారు. మాస్టారు పంచె అంచు మడతపెట్టి, విప్పి, మళ్ళీ మడతపెట్టారు.

“నాకు తెలిసిందని వాడికి తెలియనివ్వకండమ్మా” అన్నారు చివరికి. “తెలిస్తే నన్ను చూసుకుంటూ ఇక్కడే ఉండిపోతాడు. వాణ్ణి తీసికెళ్ళిపోండి.”

సరేనండి అన్నాను. ఒకే ఇంట్లో తండ్రికి చెప్పనని కొడుక్కి, కొడుక్కి చెప్పనని తండ్రికి మాటిచ్చి ఆ పూట వాళ్ళ అన్నం తిన్నాను. శ్రీనివాస్ వచ్చాక మాస్టారు మామూలుగానే ఉన్నారు. అన్నంలో నెయ్యి ఎక్కువ వేయించారు కొడుక్కి. రేపు బస్సులో ఎటు కూర్చుంటే ఎండ పడదో చెప్పారు.

బయలుదేరడం

పొద్దున్న ఆటో వచ్చి ఆగింది. ఊరగాయ జాడీ, సున్నుండల డబ్బా, కొబ్బరికాయలు, నాకు చీర. వద్దంటే వినరు. శ్రీనివాస్ తల్లికి, తండ్రికి దణ్ణం పెట్టి, బ్యాగు భుజాన వేసుకుని మెట్టు దిగాడు. ఏ హంగామా లేకుండా జరిగిపోతోంది. ఇంకొక్క నిమిషంలో ఆటోలో ఉంటాం అనుకున్నాను.

నేను అరుగు చివర వంగి ఆ పెద్ద రబ్బరు చెప్పుల్లో కాళ్ళు దూర్చుకుంటున్నాను. పేపరబ్బాయి విసిరిన ఆనాటి పేపరు అక్కడే పడి ఉంది. చెప్పు జారి నా కాలు పేపరు మీద పడింది. నేను ఆలోచించలేదు. ఆలోచించి చేసే పని కాదది. వంగి తీశాను, కళ్ళ దగ్గరికి తెచ్చాను.

“వద్దు!”

మాస్టారు నా మణికట్టు పట్టుకున్నారు. పరాయి ఆడమనిషిని పేరుపెట్టి కూడా పిలవని మనిషి. ఎముక నొప్పిపుట్టేటట్టు పట్టుకున్నారు. “వద్దమ్మా, వద్దు, కళ్ళకొద్దు” అంటున్నారు. పేపరు నా చేతిలోంచి జారి ఆయన పాదాల మీద పడింది. ఆయన దానివైపు చూడలేదు.

“అదేంటండీ? ఏమైందండీ మీకు?” అంటూ అమ్మగారు బయటికొచ్చారు. ఆవిడకేమీ అర్థం కాలేదు.

శ్రీనివాస్ ఆటో దగ్గర నిలబడిపోయాడు. తల పక్కకు తిప్పి, మంచి కన్ను ఇటు పెట్టి, తండ్రిని చూశాడు. తర్వాత నన్ను చూశాడు. భుజం మీది బ్యాగు తీసి నేలమీద పెట్టాడు.

మాస్టారు అప్పటికీ నా చెయ్యి వదల్లేదు. వదలాలని ఆయనకు తెలియడం లేదు. శ్రీనివాసే మెట్లెక్కి వచ్చి, ఆ వేళ్ళు ఒక్కొక్కటీ విడదీసి, తండ్రి చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకున్నాడు.

“మీరు బయల్దేరండి మేడం,” అన్నాడు ఆయన మీంచి చూపు తిప్పకుండానే, “బస్సు తప్పిపోతుంది.”